చదివింపుల్లో ఒక బర్రె

పెద్దపల్లి,
ఫాల్గుణ మాసం, 1964.

చిరంజీవి కొండల్‌ను మీ బాపు గంగయ్య కుట్టు మిషను మీద మోచేతులు ఆనించి, మనసారా దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను, మీ అవ్వ, మిషను ముగ్గురం క్షేమంగా ఉన్నాం. నాలుగో ప్రాణి సంగతి తర్వాత రాస్తాను. నీ క్షేమం నీ ఉత్తరంలో చూసుకున్నాం. అక్షరాలు చక్కగా నిలబడ్డాయి కాబట్టి చెయ్యి బాగానే ఉందనీ, కాలే బాగాలేదనీ అర్థమైంది.

నువ్వు మూడు సంగతులు అడిగావు. వరసగా చెబుతాను.

మొదటిది, నా కిందటి ఉత్తరంలో ఏది నిజం, ఏది అబద్ధం అని. సుల్తానాబాద్ స్టేషన్లో ఒక కోడిపుంజు కోసం గూడ్సు బండి అరగంట ఆగిందన్నది అబద్ధం. మీ కొమురెల్లి మామ నొప్పి పన్ను పీకించుకోబోయి దాని పక్క పన్ను పీకించుకుని వచ్చాడన్నది నిజం. నువ్వు తారుమారుగా నమ్మి, మామకు ‘నీ పన్ను కథ భలే ఉంది’ అని కార్డు రాశావట. ఆయన ఆ కార్డు పట్టుకుని నన్ను తిట్టడానికే సుల్తానాబాద్ నుంచి బస్సెక్కి వచ్చాడు. దవడ వాచి ఉంది కాబట్టి సగం తిట్లు అర్థం కాలేదు. ఆ రోజే మీ అవ్వ నాకు షరతు పెట్టింది.

"గీయన రాసేదాంట్ల అబద్ధమున్నకాడ కింద ఎర్రగీత కొట్టాలె. రాసినంక మొత్తం నాకు సదివి ఇనిపియ్యాలె. అప్పటిదాంక కవరంటించుడు లేదు" అంది.

గుడ్డ మీద గుర్తు పెట్టే ఎర్ర పెన్సిలు ఎలాగూ నా చెవి మీదే ఉంటుంది. అందుకని ఇకమీదట గీత ఉన్నది అబద్ధం, లేనిది నిజం. ఒకటి రాసి చూపిస్తాను. నేను రోజూ పొద్దున్నే లేచి కసరత్తు చేస్తున్నాను. కింద గీత చూశావు కదా. ఇంకొకటి. మీ అవ్వ ఏడు రోజులుగా నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. నువ్వు నమ్మవు. కాని చూసుకో, దాని కింద గీత లేదు.

రెండోది, నీ మడమ నొప్పి. ఇటుక వేడి చేసి, ఆముదపు ఆకు చుట్టి కాపడం పెట్టుకో. ఇది మీ అవ్వ ఎప్పుడూ చెప్పే వైద్యమే, నాది కాదు. నా వైద్యమైతే గీత కొట్టేవాణ్ణి.

మూడోది ఆ కాగితం. ‘నేను గాని మా ఇంటివాళ్ళు గాని ఆట పేరున ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు’ అని రాసున్న కాగితం మీద వచ్చే సోమవారంలోగా సంతకం పెడితేనే జట్టులో ఉంచుతారనీ, ఈసారి గెలిస్తే హైదరాబాద్ పోటీలకు వెళ్ళవచ్చనీ రాశావు. హాస్టల్లో ఎవరో నీ ముఖం మీదే మన బర్రె మాట ఎత్తారనీ రాశావు. ‘బాపూ, అది బుచ్చిరాములు సేటు మనకు పాలుకు ఇచ్చిందే కదా, దూడలో సగం ఆయనది, పాలు మనవి, ఊళ్ళో పదిమంది పెంచుకున్నట్టే మనమూ పెంచుకుంటున్నాం కదా, సంతకం పెట్టనా’ అని అడిగావు.

జవాబు చెబుతాను. తప్పించుకోవడం లేదు. కాని కొలత తీసుకోకుండా నేను గుడ్డకు కత్తెర పెట్టను. అసలు ఆ కాగితం ఎందుకు పుట్టిందో ముందు తెలుసుకోవాలనిపించింది. నాలుగో తరగతి దాకా ఉర్దూ బడిలో చదివినవాడికి కాలేజీ కాగితం ఎక్కడ అర్థమవుతుంది? అందుకని దుకాణానికి వచ్చినవాళ్ళనల్లా అడిగాను.

మొన్న కరీంనగర్లో నీ కబడ్డీ ఆట చూడటానికి వచ్చినప్పుడే నాకు ఈ అనుమానం మొదలైంది. సున్నం గీత గీసినవాడికి కూలి ఉంది. విజిల్ ఊదినవాడికి బత్తా ఉంది. టికెట్టు చింపినవాడికి, పల్లీలు అమ్మిన ముసలమ్మకు తలా ఇంత ఉంది. మీ జట్టు నిక్కర్లు కుట్టినందుకు నాకు కుట్టుకూలి ఉంది. ఆ నిక్కరు తొడుక్కుని మోకాళ్ళు చీరుకున్న నీకు మాత్రం గిలాసెడు నిమ్మకాయ నీళ్ళు. అందరూ నిన్ను చూడటానికే వచ్చారు. నీకు తప్ప అందరికీ ఎంతో కొంత గిట్టింది.

పాత కోటు తిరగేసి కుట్టించుకోవడానికి సిద్దిరాములు పంతులు వచ్చాడు. ఆయన్ను అడిగాను.

"పంతులూ, ఆటకు పైసలు తీసుకుంటె తప్పేంది?"

"ఆట సదువుల భాగం గంగయ్యా. సదివినందుకు పోరగాండ్లకు ఎవ్వలన్న జీతమిస్తరా?"

"సదువుతుంటె చూడనీకి ఎవ్వలన్న టికెటు కొంటరా మరి?"

పంతులు కోటు నా చేతిలో పెట్టి, "జర సంక కాడ వదులు వెట్టు" అన్నాడు. జవాబు దొరకనప్పుడు అందరూ కోటు గురించే మాట్లాడతారు.

కాని కాగితం పుట్టుక ఆయనే చెప్పాడు. మన సేటుకు ఇక్కడి బియ్యం మిల్లు కంటే మీ ఆదిలాబాద్‌లో ఉన్న పత్తి మిల్లు మీద ప్రేమ ఎక్కువ. ఆ ప్రేమ మీ కాలేజీ దాకా పాకింది. మీ జట్టుకు సేటు బనీన్లు ఇస్తే, కరీంనగర్ జట్టుకు అక్కడి కల్లు గుత్తేదారు బనీన్లతో పాటు బూట్లు ఇచ్చాడు. సేటు రోజూ గుడ్లూ పాలూ పెట్టించాడు. గుత్తేదారు మనిషికొక సైకిలు కొన్నాడు. సేటు చేతి గడియారాలు తెచ్చాడు. చేతికి గడియారం పెట్టుకుని కూత పెట్టేవాణ్ణి నేనింకా చూడలేదు. ఇద్దరూ కలిసి చివరికి జట్టుకొక ఏనుగును కడతారేమోనని భయపడి, పోటీలు నడిపే కమిటీవాళ్ళు హద్దు పెట్టారు. ఒక ఆటగాడి మీద ఏ ధర్మదాత అయినా ఏడాదికి యాభై రూపాయలు మించి ఖర్చు పెట్టరాదు. అదీ ప్రిన్సిపాలు చేతుల మీదుగానే. ఇంటికి మాత్రం ఏదీ ముట్టరాదు.

ఈ హద్దు సంగతి తెలిసినరోజు సేటు మన దుకాణంలోనే కూర్చుని మొత్తుకున్నాడు.

"గుడి కట్టిస్తె గిన్నే ఇటుకలు వెట్టాలె అని ఎవ్వలన్న అంటరా గంగయ్యా? నా పైసలు, నా సంతోషం. నడుమ గీల్లెవలు?"

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు సేటు మాటే సబబు అనిపించింది. ఉన్నవాడు పెడితే లేనివాడు తింటాడు, మధ్యలో కమిటీకి కడుపుమంట ఎందుకు అనుకున్నాను. కరీంనగర్ మైదానంలో ఒక చిన్న కాలేజీ జట్టును చూసేదాకా అలాగే అనుకున్నాను. నీకు గుర్తుందో లేదో, మీరు వాళ్ళను ముప్పై పాయింట్లకు ఓడించారు. నువ్వు పాయింట్లు చూశావు. నేను నిక్కర్లు చూశాను. నల్లగా నిగనిగలాడుతున్నాయి. దర్జీవాణ్ణి కదా, ఉండబట్టలేక దగ్గరికి పోయి ఒకణ్ణి అడిగాను.

"గీ గుడ్డ యాడిది బిడ్డా?"

"మా సారు గొడుగులయి. ఊళ్ళె అడిగి ఇంకో నాలుగు జమ చేసిండు."

"మీల కూత వెట్టేటోడు మంచిగుంటడని ఇన్న. ఏడి?"

"సైకిలెక్కి పోయిండు" అన్నాడు వాడు. కోపం లేదు, మామూలుగానే అన్నాడు. చూస్తే ఆ కుర్రవాడు గుత్తేదారు జట్టులో, అవతలి గట్టు మీద, కొత్త బూట్లు కట్టుకుంటున్నాడు.

వాళ్ళకు సేటు లేడు, గుత్తేదారు లేడు, గొడుగులున్న సారు ఒక్కడున్నాడు. అప్పుడు నాకు హద్దు ఎవరికోసం పెట్టారో కొంచెం తెలిసింది. కాని ఆటగాడికి ఏమీ ముట్టరాదన్న మాట ఇప్పటికీ నాకు అరగలేదు. రెండూ ఒకటే కాదు కదా. దీనికి జవాబు మీ ప్రిన్సిపాలును అడిగి రాయి.

చివరికి ముష్తాక్ పహిల్వాన్ దగ్గరికి పోయాను. ఆయన దంగల్లో గెలిచిన వెండి కడియాలు రెండు ఇప్పటికీ పెట్టెలో ఉన్నాయి. కుస్తీకి పైసలు తీసుకోవడం తప్పయితే ఆయనకంటే పెద్ద దోషి జిల్లాలో లేడు.

"అరే గంగయ్య భాయ్," అన్నాడు, "ఇనామ్ తీసుకునుడు తప్పెట్లయితది? దంగల్ల కడెం తొడిగేటప్పుడు డప్పు కొడ్తరు. పేరు పిలుస్తరు. ఇచ్చినోడెవడు, పుచ్చుకున్నోడెవడు, ఎందుకిచ్చిండు అని వెయ్యి మందికి ఎరుక. చాటుకు ముట్టిందనుకో, అది ఇనామ్ కాదు భాయ్. అది వేరే."

"వేరే అంటె ఏంది ఉస్తాద్?"

"నీకు ఎరుకలేదా? నీ మొఖం చూస్తె ఎరుకున్నట్టే ఉన్నది" అన్నాడు ఆ ముసలాయన. నేను దుకాణంలో చాయ చల్లారుతోందని చెప్పి లేచి వచ్చాను. నేనూ కోటు గురించే మాట్లాడానన్నమాట.

ఇక గుడ్డ కొలవడం అయిపోయింది. కొండల్, ఇప్పుడు రాసేది నిలబడి చదవకు, కూర్చో.

మన బర్రె పాలుకు తెచ్చుకున్నది కాదు. 

కిందటేడుకు ముందేడు, నువ్వు కాలేజీలో చేరే ముందు, సేటు కోటు కొలతలకు వచ్చాడు. నేను ఛాతీ చుట్టూ టేపు పెట్టి ఉన్నాను. "మీ కొండల్ కరీంనగర్ల చేర్తడట గద. గుత్తేదారు సైకిలిస్తనన్నడట" అన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. ఆయన మొహంలో కంగారు చూసి నాకు నోరు ఊరుకోలేదు.

"సైకిలు పాలిస్తదా సేటూ? పాలిచ్చేదేదన్న చెప్పు, మావోడు ఆదిలాబాదే పోతడు" అన్నాను.

పరాచికానికి అన్నాను. నువ్వు అప్పటికే ఆదిలాబాద్‌కే దరఖాస్తు పెట్టుకున్నావు. హాస్టల్లో చోటు దొరికిందన్న కార్డు ఆ క్షణాన మిషను సొరుగులోనే ఉంది. ఆ మాట సేటుకు చెప్పలేదు. ఆయన్ను రెండు రోజులు కంగారుపెట్టి, తర్వాత కార్డు చూపించి అందరి ముందు నవ్వించాలనుకున్నాను.

తెల్లవారి మిల్లు జీతగాడు అంతయ్య పాడి బర్రెను తోలుకొచ్చి మన గుంజకు కట్టాడు. "సేటు మాటంటె మాటే అని చెప్పుమన్నడు" అని పోయాడు. నవ్వి, ‘అయ్యో, అది ఉత్త పరాచికం’ అని వెనక్కి పంపాల్సింది. మాట నోటిదాకా వచ్చింది. అప్పటికే మీ అవ్వ చెంబు పట్టుకుని పొదుగు దగ్గర కూర్చుంది. పాలధార చెంబులో పడే చప్పుడు మనింట్లో అంతకుముందు ఎప్పుడూ లేదు.

"ఎవలదిది?" అంది.

"సేటు పాలుకిచ్చిండు" అన్నాను.

నా బతుకులో ఎన్నో అబద్ధాలు నవ్వుకోసం ఆడాను. నవ్వు రాని అబద్ధం అదొక్కటే.

ఇంకా ఉంది. నెలనెలా నీకు వచ్చే మనియార్డరు నా కుట్టుకూలి అనుకుంటున్నావు. అది స్టేషన్ దగ్గరి చాయ హోటలుకు పోసిన పాలు. రెండేళ్ళుగా నువ్వు హాస్టల్లో తిన్నది ఆ బర్రెనే. ఎవరో నీ ముఖం మీద అన్నది నిజమే. నీకు తెలియదంతే.

నీ ఉత్తరం వచ్చిన రోజు పంతులును కూర్చోబెట్టి, యాభై రూపాయల హద్దులోకి బర్రె ఎంత వస్తుందో లెక్క కట్టమన్నాను. ఒక కొమ్ము, ఒక చెవి, తోక వస్తాయన్నాడు. మిగతాది అంతా హద్దు దాటింది. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. నేను నవ్వకపోవడం చూసి ఆయన కూడా ఆపేశాడు.

పహిల్వాన్ మాట చెవిలో నుంచి పోలేదు. చాటుకు వచ్చినదాన్ని చాటుకే పంపిస్తే మళ్ళీ అదే తప్పు. కిందటి గురువారం సేటు బిడ్డ పెండ్లి. చదివింపుల దగ్గర కూర్చునేది సిద్దిరాములు పంతులే. మన దిక్కు పెండ్లి ఎలా జరుగుతుందో నీకు తెలుసు కదా, ఎవరు ఏమి పెట్టారో పేరుతో సహా చదువుతారు, నోట్‌బుక్కులో ఎక్కుతుంది. పెండ్లిపందిట్లో ఒకసారి చదివినదాన్ని ఆ ఇంటివాళ్ళు వద్దనరు. శుభం కాదు. నేను చీటీ రాసి, మిగతా చీటీల మధ్యలో దూర్చాను. పంతులు బళ్ళో చదివినట్టే, ముందు చూసుకోకుండా మైకులో చదివేశాడు.

"దర్జీ గంగయ్య చదివింపు. మన కొండల్ కబడ్డీ ఆడినందుకని సేటుగారు గంగయ్య ఇంటికిచ్చిన పాడి బర్రె ఒకటి, దాని ఆడదూడ ఒకటి, సేటుగారికే వాపసు."

పందిరంతా నవ్వింది. "గంగయ్య మళ్ళ మొదలువెట్టిండు" అని ఎవరో అన్నారు. ఆ నవ్వు ఆగకముందే నేను బర్రెను పందిట్లోకి నడిపించాను. మెడలో బంతిపూల దండ వేశాను. వెనక దూడ. బ్యాండువాళ్ళు ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని వాయించారు. సేటు కూడా నవ్వుతూనే లేచాడు. అప్పుడు వియ్యంకుడు అడిగాడు.

"ఆడినందుకు ఇచ్చుడంటె ఏంది బావా? గిది కమిటీ హద్దు పెట్టినంకదేనా?"

సేటు నవ్వు ఆగింది. నా భుజం పట్టుకుని వంటశాల వెనక్కి తీసుకుపోయాడు.

"నువ్వే అడిగినవు గద గంగయ్యా."

"అడిగిన. పరాచికానికడిగిన."

"నేను నిజమనుకున్న."

"ఎరుకే సేటూ. అందుకే వాపసు దెచ్చిన."

"నీ కొడుకు ఆట పోతది గదనే."

"పోతె పోనీ అననీకి అది నాది కాదు. వాడు ఎరుకుండి అబద్ధం మీద సంతకం పెట్టెటోడు కాదు. తెలువకుంట పెడ్తడు. అది సూడలేను."

అక్కడితో ఆగితే బాగుండేది. కాని ఒకసారి నిజం మొదలుపెడితే నాకు ఎక్కడ ఆపాలో తెలియదు, అలవాటు లేదు కదా. సొరుగులో కార్డు సంగతి కూడా చెప్పేశాను. సేటు నా భుజం మీది చెయ్యి తీసేశాడు.

"పందిట్ల మూడు వందల మందిల నన్ను పిచ్చోన్ని చేసినవు. అది మాఫ్" అన్నాడు. "గా కార్డు మాత్రం మాఫ్ చెయ్య. అంతగనం ఆశపడి బర్రెను తోలిన." తర్వాత వడ్డించేవాణ్ణి పిలిచి నాకు విస్తరి వేయించాడు. పెద్దింటివాళ్ళు కోపం కూడా భోజనం పెట్టే చేస్తారు.

మీ అవ్వ ఆడవాళ్ళ వైపు కూర్చుని మైకులోనే అంతా విన్నది. ముందు చెప్పి ఉండాల్సింది. చెబితే పందిట్లోకి రానిచ్చేది కాదని భయపడ్డాను. ఇంటికి పోయి పాలచెంబు కడిగి బోర్లించింది. ఆ రోజు నుంచి నాతో మాట లేదు. అందుకే తిట్లు లేవు. ఇందాక గీత లేదన్నాను చూడు, అది ఇదే.

ఇక నువ్వు చేయాల్సింది. ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ఈ కవరులోనే ఇంకొక కాగితం పెడుతున్నాను. ‘బర్రెను అడిగింది నేను, తీసుకున్నది నేను, నా కొడుకు ఎరుగడు, ఇప్పుడు వాపసు ఇచ్చాం’ అని రాశాను. పెద్దపల్లిలో నా మాట ఎవరూ నమ్మరు కాబట్టి పంతులుతో సాక్షి సంతకం పెట్టించాను. పహిల్వాన్ వేలిముద్ర వేశాడు. చదివింపుల నోట్‌బుక్కులోని ఆ వరసను పంతులే ఉన్నదున్నట్టు ఈ కాగితం కింద ఎక్కించాడు. దాన్ని ప్రిన్సిపాలుకు ఇవ్వు. వాళ్ళు ఉంచుతారో తీసేస్తారో నాకు తెలియదు. నీకు చెప్పకుండా మూడు వందల మందిలో చదివించేశాను కాబట్టి, ఇంకో దారి నీకు మిగల్చలేదు. అది కూడా నా తప్పుల్లోనే వేసుకో.

హాస్టలు ఖర్చుకు ఫికర్ చేయకు. మందమర్రి గనులవాళ్ళ ఖాకీ నిక్కర్ల పని దొరికింది. తాగిన పాలు, అమ్మిన పాలు ఎలా వాపసు ఇవ్వాలో తెలియక, ఆ గొడుగు గుడ్డ పిల్లలకు పన్నెండు నిక్కర్లు కుడుతున్నాను. ఊరికే. అయితే నాకొక అనుమానం. కుట్టుకూలి పుచ్చుకోకపోతే నేను కూడా ధర్మదాతనే అవుతానా? నాకూ యాభై రూపాయల హద్దు ఉంటుందా? ఇదీ ప్రిన్సిపాలునే అడుగు. ఆయన నవ్వితే నీ పని కొంత తేలిక కావచ్చు.

నువ్వు ఆట మానకు. జట్టు లేకపోతే హాస్టలు వెనక మట్టిలో ఆడు. నిన్ను జట్టులోంచి తీసేసినా నాకేమీ బాధ లేదు.

ఇక్కడిదాకా రాసి, షరతు ప్రకారం మీ అవ్వకు మొత్తం చదివి వినిపించాను. గోడ వైపు తిరిగి కూర్చుని విన్నది. అంతా అయ్యాక లేచి వచ్చింది.

"బాధ లేదని రాసినవే, గా మాట యాడున్నది?" అంది. ఏడు రోజులకు నాతో అన్న మొదటి మాట అదే.

వేలు పెట్టి చూపించాను. నా చెవి మీది ఎర్ర పెన్సిలు తీసుకుని, ఆ మాట కింద తానే గీత గీసింది. అక్షరం రాని చెయ్యి కదా, వంకరగా ఉంది. చెరపలేదు. అలాగే పంపుతున్నాను.

ఇట్లు,
ఈసారికి నిజమే రాసిన మీ బాపు,
గంగయ్య.
గీత గీసింది మీ అవ్వ లస్మవ్వ.